ఐదుగురుంటే చాలు: బౌద్ధం ఎల్లలు దాటిన వైనం

అవంతి దేశంలో సోణ కుటికణ్ణుడనే గృహస్థుకు భిక్షువు కావాలనిపించింది. గురువుకు కొదవ లేదు. బుద్ధుడి ముఖ్య శిష్యుల్లో ఒకడైన మహాకాత్యాయనుడు ఆ ప్రాంతంలోనే ఉన్నాడు. సంకల్పమూ గట్టిదే. లేనిదల్లా పదిమంది భిక్షువులు. ఉపసంపద, అంటే పూర్తిస్థాయి దీక్ష, ఇవ్వాలంటే పదిమంది భిక్షువులు ఒకచోట కూర్చోవాలన్నది సంఘ నియమం. గంగా మైదానంలో అదొక సమస్యే కాదు. అవంతిలో మాత్రం ఆ పదిమందిని పోగుచేసేసరికి మూడేళ్లు పట్టిందని వినయపిటకంలోని మహావగ్గ చెబుతోంది.

దీక్ష పుచ్చుకున్న సోణుడు బుద్ధుణ్ణి చూడటానికి శ్రావస్తికి బయలుదేరుతుంటే, మహాకాత్యాయనుడు అతని ద్వారా కొన్ని విన్నపాలు పంపాడు. మా వైపు నేల నల్లది, పశువుల గిట్టలు పడి గట్టిపడి అరికాళ్లను కోస్తుంది, మందపాటి చెప్పులు వేసుకోనివ్వండి. మా సీమ జనానికి తరచూ స్నానం చేయడం అలవాటు, ఆ విషయంలో నియమం సడలించండి. మేకతోళ్లు, గొర్రెతోళ్లు పరుచుకోనివ్వండి. వీటన్నిటికంటే ముఖ్యమైన విన్నపం ఒకటుంది: తక్కువమందితో ఉపసంపద ఇచ్చుకోనివ్వండి. బుద్ధుడు అన్నిటికీ సరేనన్నాడు. మధ్యదేశం ఎల్లలకు బయట వినయం, అంటే సంఘ నియమావళి, తెలిసిన ఒకరితో కలిపి ఐదుగురు భిక్షువులుంటే ఉపసంపద చెల్లుతుందని అనుమతించాడు.

బౌద్ధ వ్యాప్తి అనగానే మనకు అశోకుడు, ఆయన శిలాశాసనాలు, నాలుగు దిక్కులకూ వెళ్లిన ధర్మదూతలు గుర్తొస్తారు. అది అబద్ధం కాదు, అయితే అది సగం కథ. తొలి వెయ్యేళ్లను ఒక్కసారి వెనుదిరిగి చూస్తే, బౌద్ధం ఏ దేశంలో నిలిచింది, ఏ దేశంలో ఇంకిపోయింది అన్నదాన్ని రాజుల ఆజ్ఞలకంటే ఈ చిన్న లెక్కే ఎక్కువగా తేల్చినట్టు కనిపిస్తుంది. అక్కడ దీక్ష ఇచ్చేందుకు తగినంతమంది చేరారా? చేరినవాళ్లు అక్కడి బిడ్డలకే దీక్ష ఇచ్చి, వాళ్లను గురువులను చేయగలిగారా?

గోదావరి గట్టు నుంచి

బుద్ధుడు తిరిగిన నేల చాలా చిన్నది. నేటి బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్, నేపాల్ తరాయి, అంతే. కానీ ఆయన పేరు ఆయన కాళ్లకంటే ముందు నడిచిందని పాళీ గ్రంథాలు చెబుతాయి. సుత్తనిపాతలో బావరి కథ అందుకు మంచి సాక్ష్యం. కోసల నుంచి దక్షిణానికి వచ్చిన బావరి గోదావరి ఒడ్డున, అస్సక, అళక దేశాల నడుమ ఆశ్రమం కట్టుకున్నాడు. తన సందేహాలు తీర్చుకునేందుకు పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లు నడిచిన దారిని గ్రంథం ఊరూరా చెబుతుంది: ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, చివరికి రాజగృహం. ఇది దక్షిణాపథమనే వర్తక మార్గం. బిడారులు నడిచిన బాటలోనే ప్రశ్నలు వెళ్లాయి, ఆ బాటలోనే జవాబులు తిరిగొచ్చాయి. శిష్యుల్లో ముసలివాడైన పింగియుడు వెనక్కి వచ్చి గురువుకు తాను చూసింది, విన్నది వినిపించడంతో ఆ భాగం ముగుస్తుంది. అస్సక రాజధాని నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

వర్తకులకూ ఈ ధర్మానికీ మొదటినుంచీ పొత్తు కుదిరింది. బుద్ధుడికి జ్ఞానోదయమయ్యాక తొలిసారి ఆహారం పెట్టినవాళ్లు తపుస్సుడు, భల్లికుడు అనే ఇద్దరు బేహారులని సంప్రదాయం. సముద్రం మీద వెళ్లడాన్ని బౌధాయన ధర్మసూత్రం పాతకాల్లో చేర్చింది. బౌద్ధానికి అలాంటి అభ్యంతరం లేదు. ఎవరి ఇంట తిన్నా, ఏ ఓడ ఎక్కినా భిక్షువుకు మైల అంటదు. బిడారుకు మజిలీ కావాలి, భిక్షువుకు తోడు కావాలి. సహ్యాద్రి కనుమల్లో కార్లే, నాసిక్, జున్నర్ గుహలు ఇలాంటి దారుల పక్కనే వెలిశాయి. కార్లే చైత్యశాల స్తంభాలను చెక్కించిన దాతల్లో ధేనుకాకట నుంచి వచ్చిన యవనులూ ఉన్నారు. తమ పేర్లను వాళ్లు ఆ రాతి మీదే వేయించుకున్నారు.

ఇంకో నియమం కూడా ఈ ధర్మం కాళ్లకు చక్రాలు కట్టింది. బుద్ధవచనాన్ని ఛందస్సులో, అంటే పండిత భాషలో, బిగించమని ఇద్దరు బ్రాహ్మణ సోదర భిక్షువులు అడిగితే బుద్ధుడు మందలించాడనీ, ఎవరి భాషలో వాళ్లు నేర్చుకోవచ్చన్నాడనీ చుల్లవగ్గ చెబుతుంది. ఈ అనుమతిని పండితులు రకరకాలుగా వ్యాఖ్యానించారు. ఆచరణలో మాత్రం ఫలితం స్పష్టం: పాళీ, గాంధారీ, సంస్కృతం, చీనీ, తిబ్బతీ, ఏ భాషలో చేరినా బుద్ధవచనం బుద్ధవచనంగానే చెల్లింది.

అశోకుడి దూతలు: దక్కింది, దక్కనిది

క్రీ.పూ. 3వ శతాబ్దం మధ్యలో అశోకుడు తన 13వ శిలాశాసనంలో ధర్మవిజయం గురించి చెబుతూ ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు చెక్కించాడు: అంతియోకుడు, తురమాయుడు, అంతికినుడు, మకుడు, అలికసుందరుడు. వీరిలో తురమాయుడు ఈజిప్టును ఏలిన రెండో టోలెమీ. అదే శాసనంలో ఆంధ్రులూ ఉన్నారు. 1958లో కాందహార్‌లో దొరికిన శాసనాన్ని గ్రీకు, అరమాయిక్ భాషల్లో చెక్కారు. జీవహింస మానుకోవడం, తల్లిదండ్రుల మాట వినడం లాంటి నీతులే అందులో ఉన్నాయి. ఒక చక్రవర్తి ఇంత దూరం ఆలోచించడం అప్పటి ప్రపంచంలో చాలా అరుదు.

మరి ఈజిప్టులో, మాసిడోనియాలో ఏమైంది? ఏమీ కాలేదు. ఒక్క విహారం లేదు, ఒక్క స్థానిక భిక్షువు పేరు లేదు. రాయబారులు వెళ్లి ఉంటారు, మాట చెప్పి ఉంటారు. మాట చెప్పినంత మాత్రాన సంఘం పుట్టదు.

సింహళ గ్రంథాలు ఇంకో పట్టిక ఇస్తాయి. పాటలీపుత్రంలో మొగ్గలిపుత్త తిస్సుడి ఆధ్వర్యంలో జరిగిన సంగీతి తర్వాత థేరులను, అంటే పెద్ద భిక్షువులను, నలుదిక్కులకూ పంపారట: కాశ్మీర గాంధారాలకు మజ్ఝంతికుడు, మహిష మండలానికి మహాదేవుడు, వనవాసికి రక్ఖితుడు, అపరాంతానికి యవనుడైన ధమ్మరక్ఖితుడు, హిమవంతానికి మజ్ఝిముడు, సువర్ణభూమికి సోణ, ఉత్తరులు, లంకకు మహేంద్రుడు. పుక్కిటి పురాణమని కొట్టిపారేద్దామనుకునేవాళ్లను ఆపింది సాంచి. 1851లో కన్నింగ్‌హామ్, మైసీలు సాంచి, సోనారి స్తూపాలు తవ్వినప్పుడు చిన్న చిన్న ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటి మీద మజ్ఝిముడి పేరుంది. హిమవంతానికంతటికీ ఆచార్యుడంటూ కాశ్యపగోత్రుడి పేరుంది. లంకలో శతాబ్దాల తర్వాత రాసిన గ్రంథంలోని పేరు మధ్యభారతంలో ఒక బరిణె మూత మీద కనిపించింది.

ఈ పట్టికను జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఏ థేరుడూ ఒంటరిగా వెళ్లలేదు. ఒక్కొక్కరి వెంట నలుగురు, అంటే మొత్తం ఐదుగురు వెళ్లారని సంప్రదాయం ప్రత్యేకించి చెబుతుంది. సోణ కుటికణ్ణుడు తెచ్చిన అనుమతిని వాళ్లు వాడుకుంటున్నారు. వెళ్లినచోట తొలిరోజు నుంచే దీక్ష ఇవ్వగలగాలి.

లంకలో వేళ్లూనింది

లంక కథ అందరికీ తెలిసిందే. మిహింతలె కొండ మీద మహేంద్రుడు దేవానాంపియ తిస్స రాజును కలిశాడు, రాజు ధర్మం స్వీకరించాడు, అనురాధపురంలో మహావిహారం లేచింది. తెలిసిన ఈ కథలో రెండు ఘట్టాల దగ్గర ఆగాలి.

మొదటిది రాణి అనులాదేవిది. ఆమె, ఆమె పరివారం దీక్ష అడిగారు. మహేంద్రుడు ఇవ్వలేనన్నాడు. స్త్రీలకు దీక్ష ఇవ్వాలంటే భిక్షుణులు కావాలి. అందుకని పాటలీపుత్రానికి కబురు వెళ్లింది. మహేంద్రుడి చెల్లెలు సంఘమిత్ర భిక్షుణులను వెంటబెట్టుకుని ఓడెక్కింది. బోధివృక్షపు కొమ్మ ఆ ఓడలోనే వచ్చింది. మనం కొమ్మను గుర్తుపెట్టుకున్నాం; ఓడ కదిలింది మాత్రం ఆడవాళ్ల దీక్ష కోసం.

రెండోది వినయానికి అట్ఠకథ, అంటే వ్యాఖ్యానం, అయిన సమంతపాసాదికలో ఉంది. ధర్మం మా దీవిలో స్థిరపడినట్టేనా అని రాజు అడుగుతాడు. స్థిరపడింది గాని వేళ్లింకా దిగలేదంటాడు మహేంద్రుడు. ఎప్పుడు దిగుతాయంటే, ఈ దీవిలో ఈ దీవి తల్లిదండ్రులకు పుట్టినవాడు, ఇక్కడే దీక్ష తీసుకుని, ఇక్కడే వినయం నేర్చి, ఇక్కడే దాన్ని వల్లించినప్పుడు. ఆ పని చేసినవాడు రాజు మేనల్లుడైన అరిట్ఠుడు. పరాయి నేల మీద ఒక మతం ఎప్పుడు సొంతమవుతుందన్న దానికి ఇంతకంటే సూటైన లెక్క దొరకదు. గుడి కట్టినప్పుడు కాదు, రాజు మారినప్పుడు కాదు, అక్కడివాడు గురువైనప్పుడు.

ఆ వేళ్ల బలం రెండు శతాబ్దాల తర్వాత తేలింది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో వట్టగామణి అభయుడి కాలంలో లంకను యుద్ధాలు, కరువు కాల్చేశాయి. అప్పటిదాకా త్రిపిటకం నోటనే ఉండేది. కంఠస్థం చేసినవాళ్లు చనిపోతే గ్రంథమే పోతుంది. అందుకే దాన్ని తొలిసారి ఆకుల మీద రాయించారు. మాతలె దగ్గరి అలువిహారలో ఆ పని జరిగిందని సంప్రదాయం. పాళీ త్రిపిటకం పుట్టిన నేలలో కాక, పోయి స్థిరపడిన దీవిలో గ్రంథస్థమైంది.

కృష్ణ ఒడ్డున ఒక రాతి నేల

తెలుగు నేల ఈ కథలో ఎక్కడుంది? స్వీకరించిన చోటా ఇదే, పంపిన చోటా ఇదే. ఎర్రగుడి, రాజులమందగిరి శాసనాలు అశోకుడి మాటను మోస్తున్నాయి. 1892లో అలెగ్జాండర్ రీ తవ్విన భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుకరండాల మీది లిపి మన లిపి చరిత్రకే మొదటి పుటల్లో ఒకటి. ధాన్యకటకం, జగ్గయ్యపేట, ఘంటసాల, శాలిహుండం, తొట్లకొండ. కృష్ణానది నుంచి వంశధార దాకా తీరం పొడవునా ఆరామాలు వెలిశాయి. ఘంటసాలను టోలెమీ తన భూగోళంలో పేర్కొన్నాడు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా నిలబెట్టేది నాగార్జునకొండలోని ఒక శాసనం. 1926లో వెలుగులోకి వచ్చి, తర్వాత సాగర్ జలాశయంలో మునిగిన ఆ లోయలో ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడ చుల్లధమ్మగిరి మీద గజపృష్ఠాకారపు చైత్యగృహం రాతి నేల మీదే చెక్కిన శాసనమది. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం, అంటే క్రీ.శ. 3వ శతాబ్దం. దాత పేరు ఉపాసిక బోధిసిరి. రాణి కాదు, ఒక గృహపతి కుటుంబపు స్త్రీ. ఆ చైత్యగృహాన్ని ఆమె తామ్రపర్ణి, అంటే సింహళ, థేరుల కోసం కట్టించింది. ఆ థేరులు ఏ దేశాల ప్రజలను ధర్మం వైపు తిప్పారో వరుసగా చెక్కించింది: కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాత, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పలూర, తామ్రపర్ణి.

ఈ జాబితాలో భక్తి పాలు, అతిశయోక్తి పాలు ఎంతన్నది వాదించుకోవచ్చు. కానీ కృష్ణా తీరంలోని ఒక ఇల్లాలి మనసులో ప్రపంచపటం ఎంత పెద్దదో చూడండి. చీనా ఆమెకు వినికిడి పేరు కాదు, తన ధర్మం వెళ్లిన చోటు. ఆమె దానాల పట్టిక కూడా ఒక్క ఊరితో ఆగలేదు: సింహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, పూర్వశైలంలో చెరువు, మండపం, కంటకసేల అంటే ఘంటసాలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం, ఇంకొన్ని చోట్ల భిక్షువుల గదులు. ఓడరేవు నుంచి రాజధాని దాకా ఆమె డబ్బు నడిచింది.

ఈ శాసనంలో చరిత్రకారుడు గమనించాల్సింది దిశ. నాలుగైదు శతాబ్దాల కింద పాటలీపుత్రం నుంచి లంకకు వెళ్లిన ధర్మం ఇప్పుడు లంక నుంచి ఆంధ్రకు ఆచార్యులుగా తిరిగొచ్చింది. ఎదురు ప్రయాణమూ ఉంది: లంకలో ఐదో శతాబ్దంలో బుద్ధఘోషుడు అట్ఠకథలు రాస్తూ చేతిలో పెట్టుకున్న ఆధారాల్లో అంధక అట్ఠకథ ఒకటి. పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక అనే ఆంధ్ర శాఖల వాదాలకు జవాబు చెప్పకుండా సింహళ పండితులు ముందుకు పోలేకపోయారు. పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి అని గీత గీయడం ఇక్కడ కుదరదు.

గాంధారం: గ్రీకు అధికారి కలశం

ఇటు సముద్రమైతే అటు కొండదారులు. గాంధారంలో గ్రీకు రాజుల పాలన సాగింది. క్రీ.పూ. 2వ శతాబ్దపు మినాండర్ మిలిందుడై నాగసేనుడితో వాదించినట్టు మిలిందపన్హ కల్పించింది. గ్రంథంకంటే గట్టి సాక్ష్యం స్వాత్ లోయలో దొరికిన ఒక కలశం. థియొదొరోస్ అనే గ్రీకు అధికారి శాక్యముని ధాతువులను ప్రజల మేలు కోసం ప్రతిష్ఠించానని ఖరోష్ఠి లిపిలో దాని మీద చెక్కించాడు. అశోకుడి దూతలు ఈజిప్టులో సాధించలేనిది ఇక్కడ ఎలా కుదిరింది? ఇక్కడ సంఘం ఉంది. గ్రీకువాడు దానం చేయడానికి ఎదురుగా ఒక విహారం ఉంది.

క్రీ.శ. 2వ శతాబ్దంలో కుషాణ రాజు కనిష్కుడి నాణేల మీద బుద్ధుడు నిలబడ్డాడు, పక్కనే గ్రీకు అక్షరాల్లో పేరుతో. కుషాణుల రాజ్యం గంగానది నుంచి ఆక్సస్ దాకా ఒకే గొడుగు కింద ఉండటంతో టెర్మెజ్‌లో కారాతెపె లాంటి విహారాలు లేచాయి. ఇంకొంత కాలానికి ఇంకా పడమట మెర్వ్‌లోనూ స్తూపం లేచింది. తూర్పున ఖోటాన్, కూచా, తుర్ఫాన్ ఒయాసిస్సులు ఒక్కొక్కటీ ఒక్కో మజిలీ అయ్యాయి. భూర్జపత్రాల మీద గాంధారీ భాషలో రాసిన చుట్టలు రెండువేల ఏళ్ల తర్వాత మట్టికుండల్లో దొరికాయి. మనకు దొరికిన బౌద్ధ రాతప్రతుల్లో ఇవే అత్యంత ప్రాచీనం.

చీనా: మాట ముందు, దీక్ష తర్వాత

చీనాకు ధర్మాన్ని మోసిన తొలివాళ్లలో భారతీయులకంటే మధ్య ఆసియావాళ్లే ఎక్కువ. క్రీ.శ. 148లో లొయాంగ్ చేరిన అన్ షికావ్ పార్థియన్. కొద్ది కాలానికే వచ్చి 179లో ప్రజ్ఞాపారమితను చీనీలోకి తెచ్చిన లోకక్షేముడు కుషాణ దేశీయుడు. అనువాదం సమిష్టి పని: ఒకరు మూలం వల్లిస్తారు, ఒకరు నోటితో అర్థం చెబుతారు, ఒకరు రాసుకుంటారు, మరొకరు భాష దిద్దుతారు.

చీనాలో ఎదురైన అడ్డంకి గట్టిది. తల గొరిగించుకోవడం తల్లిదండ్రులిచ్చిన దేహాన్ని పాడుచేయడం, పెళ్లి మానుకోవడం వంశాన్ని తెంచడం. కన్ఫ్యూషియస్ నీతికి ఇంతకంటే ద్రోహం లేదు. రాజుకు మొక్కనివాడు రాజ్యంలో ఎలా ఉంటాడన్నది ఇంకో ప్రశ్న. 404లో భిక్షువు హుయియువాన్ భిక్షువులు రాజుకు మొక్కనక్కరలేదని ఏకంగా గ్రంథమే రాశాడు.

అసలు చిక్కు లోపల ఉంది. సూత్రాలు వచ్చాయి గాని వినయం రాలేదు. తల గొరిగించుకున్నవాళ్లున్నారు గాని శాస్త్రోక్తంగా దీక్ష పుచ్చుకున్నవాళ్లు లేరు. 250 ప్రాంతంలో ధర్మకాలుడు లొయాంగ్‌లో ప్రాతిమోక్షాన్ని అనువదించి ఆ లోటు కొంత పూడ్చాడు. పూర్తి వినయ గ్రంథాల కోసమే 399లో ఫాహియాన్ చాంగాన్ నుంచి కాలినడకన బయలుదేరాడు, అప్పటికే ముదుసలి. తోటివాళ్లలో కొందరు దారిలో పోయారు, కొందరు వెనుదిరిగారు, ఒకడు భారతదేశంలోనే ఉండిపోయాడు. ఫాహియాన్ లంక చేరేసరికి ఒంటరి. అభయగిరి విహారంలో ఒక వర్తకుడు బుద్ధ విగ్రహం ముందు తెల్లని పట్టు విసనకర్ర సమర్పిస్తున్నాడు. అది చీనా పట్టు. చూడగానే కళ్లనీళ్లు ఆగలేదని ఆయనే రాసుకున్నాడు. అక్కడే ఆయనకు మహీశాసక వినయం దొరికింది.

అదే సమయంలో చాంగాన్‌లో కుమారజీవుడు కూర్చున్నాడు. తండ్రి భారతీయుడు, తల్లి కూచా రాజకుమారి. ఆయన కోసం కూడా కూచా మీదికి దండు వెళ్లింది. పట్టుబడి పదిహేనేళ్లకు పైగా లియాంగ్‌జౌలో చెరలాంటి బతుకు గడిపాడు, అక్కడే చీనీ ఒంటబట్టింది. 401లో చాంగాన్ చేరాక వందలాది పండితుల సభలో మూలం చేత పట్టుకుని, వాదించి, వివరించి, అనువదించాడు. 406లో సద్ధర్మపుండరీకం, 409లో ఆచార్య నాగార్జునుడి మధ్యమక కారికలు ఆ సభలోనే చీనీ అయ్యాయి. శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టిన తత్త్వవేత్త మాట రెండు శతాబ్దాల్లో చీనా రాజధానిలో పాఠమైంది. 424 నాటికి నాలుగు శాఖల వినయాలు చీనీలో ఉన్నాయి.

నంది ఓడ

ఓడదారుల కథకు పత్రాలు తక్కువ, రాళ్లు, లోహాలు ఎక్కువ. మలయా ద్వీపకల్పంలోని కెడా ప్రాంతంలో దొరికిన ఐదో శతాబ్దపు ఫలకం మీద రక్తమృత్తిక నుంచి వచ్చిన మహానావికుడు బుద్ధగుప్తుడి పేరు, స్తూపం బొమ్మ ఉన్నాయి. బర్మాలో శ్రీక్షేత్రం వద్ద ఒక దిబ్బలో ఇరవై బంగారు రేకులు దొరికాయి. వాటి మీద దక్షిణ భారత లిపిలో పాళీ పాఠాలు. బెయిక్తానో తవ్వకాల్లో బయటపడ్డ విహారం కట్టడం నాగార్జునకొండ విహారాలను తలపిస్తుంది. వియత్నాంలోని దోంగ్ దువాంగ్‌లో, సులవేసి దీవిలో దొరికిన కంచు బుద్ధ విగ్రహాల్లో అమరావతి శైలి పోలికలను కళాచరిత్రకారులు గుర్తించారు.

ఈ దారిలో జరిగిన ఒక సంఘటన మొత్తం కథకు తాళంచెవి. దక్షిణ చీనా రాజధాని, అంటే నేటి నాన్‌జింగ్‌లో, భిక్షుణులు చాలామందే ఉన్నారు. కానీ వాళ్లకు భిక్షువులు మాత్రమే దీక్ష ఇచ్చారు. భిక్షుణి సంఘం ఇవ్వలేదు. 429లో నంది అనే నౌకాధిపతి ఓడలో సింహళ భిక్షుణులు కొందరు వచ్చారు. మీ దేశానికి ఇంతకు ముందు భిక్షుణులెవరూ రాలేదు కదా, మరి మీ తొలి భిక్షుణులకు దీక్ష ఎవరిచ్చారని అడిగారు. చీనా స్త్రీల మనసులో సందేహం పడింది. మళ్లీ దీక్ష తీసుకుందామంటే వచ్చినవాళ్లు పదిమంది లేరు. కోరం లేదు. అప్పుడు రాజధానిలో ఉన్న గుణవర్మ అనే ఆచార్యుడు, వచ్చినవాళ్లను చీనీ నేర్చుకోమని, మిగతావాళ్ల కోసం కబురు పంపమని సలహా ఇచ్చాడు. 433లో అదే నంది ఇంకొందరు భిక్షుణులను తెచ్చాడు. లెక్క నిండింది. మరుసటి ఏడాది మూడు వందల మందికి పైగా చీనా స్త్రీలు సంఘవర్మ ఆధ్వర్యంలో శాస్త్రోక్తంగా దీక్ష పొందారని చీనా భిక్షుణుల జీవిత చరిత్రల గ్రంథం చెబుతోంది.

జపాన్ నుంచి తిరుగు దారి

చీనా నుంచి తూర్పుకు ప్రయాణం తొందరగా సాగింది. 372లో కొరియాలోని గొగుర్యొకు, 384లో బెక్జెకు, 6వ శతాబ్దం మధ్యలో బెక్జె రాజు పంపిన విగ్రహం, గ్రంథాలతో జపాన్‌కు. జపాన్‌లో సోగా, మొనోనోబె వంశాలు ఈ కొత్త దేవుడి మీద కత్తులు దూసుకున్నాయి. అయితే జపాన్‌లో తొలి దీక్ష పుచ్చుకున్నది మగవాడు కాదు, పదకొండేళ్ల పిల్ల. 584లో జెన్‌షిన్ అనే పేరు తీసుకున్న ఆ బాలికకు మరుసటి ఏడాది సంత నడుమ కొరడాదెబ్బలు దక్కాయి. అయినా తన దీక్ష సరైన లెక్కలో జరగలేదని గ్రహించి 588లో బెక్జెకు ఓడెక్కింది. వినయం నేర్చి రెండేళ్లకు తిరిగొచ్చింది. మగవాళ్ల దీక్షా క్రమం స్థిరపడటానికి జపాన్ ఇంకా చాలా కాలం ఆగింది. చీనా ఆచార్యుడు జియాన్‌జెన్ ఐదుసార్లు విఫలమై, చూపు కోల్పోయి, ఆరో ప్రయత్నంలో 753 చివర జపాన్ నేల తొక్కాడు. గ్రంథాలు, విగ్రహాలు జపాన్‌లో అప్పటికే రెండు వందల ఏళ్లుగా ఉన్నాయి. ఆయన తెచ్చింది దీక్ష ఇచ్చే శిష్యబృందాన్ని.

ఈలోగా ఇక్కడ తెలుగు నేల మీద దీపాలు మలుగుతున్నాయి. ఏడో శతాబ్దంలో ధాన్యకటకం వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ పాడుబడ్డ విహారాలే ఎక్కువ చూశాడు. అయినా కొన్నాళ్లు ఆగి ఇక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడు. నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన సుహృల్లేఖను పిల్లలు కంఠస్థం చేసేవారని ఆ శతాబ్దం చివరలో మరో చీనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. ఆ లేఖ సంస్కృత మూలం నేడు లేదు. చీనీలో, తిబ్బతీలో ఉంది. లంకలోని 1344 నాటి గడలాదెణియ శాసనం ప్రకారం ధాన్యకటకంలోని రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించింది లంక నుంచి వచ్చిన ధర్మకీర్తి అనే భిక్షువు. అప్పటికి ఆ పని చేసే సంఘం ఈ నేల మీద మిగల్లేదు.

లంకకూ కష్టకాలం తప్పలేదు. చోళుల యుద్ధాల తర్వాత 11వ శతాబ్దంలో విజయబాహు దీక్ష ఇవ్వడానికి చాలినంతమంది భిక్షువులు లేక బర్మా నుంచి తెప్పించాడు. 1753లో మళ్లీ అదే లోటు వస్తే అయుత్థయ నుంచి ఉపాలి థేరుడు వచ్చాడు. ఒకప్పుడు ధర్మం అందుకున్న దేశాలే అప్పు తీర్చాయి. దీన్ని బట్టి ఒక మాట చెప్పవచ్చు. భారతదేశంలో బౌద్ధం ఎందుకు క్షీణించిందన్న ప్రశ్నకు దండయాత్రలు, భక్తి ఉద్యమాలు, రాజాదరణ మళ్లడం అంటూ ఎన్నో కారణాలు చెబుతాం, వాటిలో నిజముంది. కానీ లంకలో దెబ్బ తక్కువేం తగల్లేదు. తేడా ఎక్కడంటే, లంకలో జనం అడగడానికి మిగిలారు, ఇవ్వడానికి సముద్రం అవతల సంఘం ఉంది. ఆంధ్రలో విహారాలు బేహారుల డబ్బు మీద, రాచ స్త్రీల దానాల మీద లేచాయి; అవి మళ్లిపోయాక పల్లె బిడ్డలను పిలిచి దీక్ష ఇచ్చే ఏర్పాటు నిలబడలేదు. కట్టడాలు ఎంత గొప్పవైనా సంఘానికి వారసులను కనలేవు.

లంకలో భిక్షుణి సంఘం మాత్రం 11వ శతాబ్దం నాటికే అంతరించింది. బర్మా, సయాం నుంచి తెచ్చుకుందామంటే అక్కడా లేదు. చీనా, కొరియా, తైవాన్‌లలో ఉంది. 1996లో సారనాథ్‌లో కొరియా భిక్షుణుల సమక్షంలో, 1998లో బుద్ధగయలో తైవాన్ సంఘం ఆధ్వర్యంలో, సింహళ స్త్రీలు మళ్లీ దీక్ష తీసుకున్నారు. థాయ్‌లాండ్ అధికార సంఘం దీన్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు. మహాయానం చేతిలో పడ్డ పరంపర థేరవాదానికి ఎలా చెల్లుతుందని వాళ్ల అభ్యంతరం. దీక్ష తీసుకున్నవాళ్ల తరఫున వినిపించే జవాబుల్లో ఒకటి చరిత్రదే: చీనాకు ఈ పరంపరను ఇచ్చిందే 433లో లంక నుంచి వెళ్లిన భిక్షుణులు కదా అని. పదహారు వందల ఏళ్ల కిందట ఒక ఓడలో ఎంతమంది వచ్చారు, వాళ్లు ఎవరి శిష్యులు అన్నది నేటికీ ఒక తీర్పును అటూ ఇటూ తిప్పగల ప్రశ్నగానే ఉంది.